మిలిటరీ బండిలో మగ్గం గుంట

పోయిన ఏడాది మా సమాజం వాళ్లు ఒక పుస్తకం అచ్చు వేశారు. సూరత్‌లో మన పద్మశాలీల మార్కండేయ స్వామి ఊరేగింపు ఎలా మొదలైంది, ఎలా పెరిగింది అని రంగుల ఫోటోలతో చెప్పే పుస్తకం. టెంట్‌హౌస్ యజమాని అందులో ఉన్నాడు. మజ్జిగ పంచినవారి పేర్లున్నాయి. డీజే బండి ముందు నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడ్డ అధ్యక్షుడు పేజీకో భంగిమలో ఉన్నాడు. నేను కట్టిన బండి లేదు. దాని మీద కూర్చుని నేసిన మనిషి లేడు. పుస్తకం చేతికందిన రోజే అడిగాను. "పేజీలు సరిపోలే మిస్త్రీ" అన్నారు. సమాజం మీటింగులో లేచి అడిగాను. నా చేతిలోంచి మైకు తీసుకుని అందరినీ భోజనాలకు లేవమన్నారు. వాట్సాప్ గ్రూపులో రాశాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు పడలేదు. మర్నాటి నుంచి గ్రూపులో అడ్మిన్లు తప్ప ఇంకెవరూ రాయకుండా మార్చేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాగితం మీద మాటను మధ్యలో ఆపేవాళ్లు ఉండరు.

నేను డీజిల్ మెకానిక్‌ని. ఇల్లు గోడాదరాలో, షెడ్డు కామ్‌రేజ్ దాటాక హైవే పక్కన. మా ఇంట్లో అందరూ సాంచాల మీద బతికినవాళ్లే. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచా అంటారు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, ఇక్కడి కార్ఖానాల్లో షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని కని, చెవులు పోగొట్టుకున్నారు. సాంచాల చప్పుడులో చెవులు పోవడం మాలో ఎవరికీ వింత కాదు. నాకు ఆ పని పడలేదు, లారీ గ్యారేజీలో చేరాను. అప్పటినుంచి మావాళ్లకు నేను మిస్త్రీని. పెళ్లిపత్రిక మీద కూడా పేరు రాయకుండా "మిస్త్రీ గారికి" అని రాసి ఇచ్చినవాళ్లున్నారు. ఎవరెవరు అలా రాశారో నాకు గుర్తుంది.

మిలిటరీ బండ్ల పని మొదలుపెట్టింది నా షడ్డకుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త. అతను పల్సానాలో ఒక డైయింగ్ మిల్లులో రంగుల సూపర్‌వైజర్‌గా చేసి, రసాయనాల వాసన పడక మానేసినవాడు. సైన్యం వాడి పక్కన పెట్టిన ట్రక్కులను డిపోల్లో వేలం వేస్తారని అతనికి ఎవరో చెప్పారు. అతనికి పాట పాడటం వచ్చు, నాకు బండి లేపడం వచ్చు. ఇద్దరం కలిశాం.

ఇప్పుడు వేలం పాట అంతా కంప్యూటర్‌లోనే. ముందు ఒకరోజు డిపోకు వెళ్లి బండ్లు చూసి రావచ్చు. చూసి నచ్చినదాన్ని మాత్రం ఏరుకోవడం కుదరదు, గుంపుగా అమ్ముతారు. ఒక మంచి బండి కోసం పాడితే దాని వెంట ముక్కిపోయినవి కూడా వస్తాయి. ఆ బండ్లు తిరిగి తిరిగి పాడవవు, నిలబడి నిలబడి పాడవుతాయి. ఇంజన్ ఆయిల్ వేళకు మార్చి ఉంటారు, గేర్ల పళ్లు అరిగి ఉండవు. రబ్బరు మాత్రం ఎండకు పొడిపొడిగా రాలుతుంది. డీజిల్ ట్యాంకు లోపలంతా తుప్పు. ఎయిర్ ఫిల్టర్‌లో పిట్ట గూడు. మేము రెండు బండ్లు విప్పి ఒకదాన్ని నిలబెట్టేవాళ్లం. నాలుగు చక్రాలూ లాగే బండి బురదలో దిగబడదు కాబట్టి, బోరు మిషన్ బిగించుకునేవాళ్లు వచ్చి కొనుక్కుపోయేవారు. చచ్చిపడి ఉన్న ఇంజన్ మొదటిసారి దగ్గి, నల్లపొగ కక్కి, మెల్లగా కుదురుకుని తిరగడం మొదలుపెట్టినప్పుడు ఎవరైనా పక్కన ఉంటే బాగుంటుందనిపించేది. మా షెడ్డుకు సమాజం వాళ్లు ఎప్పుడూ రాలేదు. పిలిచాను. రాలేదు.

మా మామ వచ్చేవాడు. మామ అంటే నా భార్య తండ్రి. ఊళ్లో ఉన్నప్పుడు ఆయన గుంట మగ్గం నేసేవాడు. నేలలో గొయ్యి తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు గొయ్యిలోకి దించి, అడుగున ఉన్న కర్రలు తొక్కుతూ నేసే మగ్గం అది. సూరత్ వచ్చాక ఆయన బతుకంతా సాంచాల మధ్య నిలబడే గడిచింది. పని మానేశాక ఇంట్లో కాలు నిలవక, ఆదివారాలు నా బండి వెనక ఎక్కి షెడ్డుకు వచ్చి, ఇనుప సామాను మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉండేవాడు.

మా ఊరేగింపు గురించి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. శ్రావణ పౌర్ణమి నాడు మావాళ్లు మార్కండేయ స్వామిని ఊరేగిస్తారు. రథం మీద మగ్గం ఉండాలి. రథం కదిలినప్పుడు నేయడం మొదలుపెట్టి, తిరిగి గుడికి చేరేలోపు ఒక బట్ట నేసి, ఆ బట్టను స్వామికి కప్పాలి. మామ చిన్నతనంలో ఎడ్లబండి మీద నేసేవారట. సూరత్‌లో అది ఉత్త తంతు. ట్రాక్టర్ ట్రాలీ మీద ఒక మగ్గం చట్రం నిలబెట్టి, ఎవరో ఒకరు కూర్చుని, అడ్డపోగు తీసుకుపోయే నాడెను అటూ ఇటూ తోసినట్టు చేసేవారు. నిలువు పోగుల పడుగు ఉండేది, అడ్డంగా నేసే పేక ఉండేది కాదు. స్వామికి కప్పే బట్ట మార్కెట్ నుంచి ముందే వచ్చి, పూజారి దగ్గర కవర్‌లో సిద్ధంగా ఉండేది. దాంతో ఎవరికీ ఇబ్బంది లేదు.

మామకు ఉండేది. ఒక ఏడాది తానే నేస్తానని పట్టుబట్టి ట్రాలీ ఎక్కాడు. ట్రాక్టర్ కుదిపిన ప్రతిసారీ గుత్తులు గుత్తులుగా పోగులు తెగాయి. కింద నడుస్తున్న కుర్రాళ్లు "ఏం తాతా, సాంచా బంద్ పడ్డదా? కరెంట్ పోయిందా?" అని అరిచారు. ఇంటికొచ్చి ఆయన కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. అన్నం దగ్గర ఉన్నట్టుండి అందుకున్నాడు.

"కాళ్లు యాడ పెట్టాలె అల్లుడా? కుర్చీల కూసొని నేసుడేంది, నేనేమన్న ఆఫీసర్నా?"

"వచ్చే ఏడు వేరే వాళ్లను కూర్చోమనండి మామా."

"ఎవల్ని? ఎవలకొస్తది?" అన్నాడు. "ఏటేటా అబద్ధం బట్ట కప్పుకొని కూసుంటున్నడు స్వామి. మనం నేతోళ్లం గదా. ఒక్కపారి నిజం బట్ట కప్పొద్దా? నా చేతులు ఇంక ఎన్ని రోజులు ఆడుతయ్?"

ఆయన నన్ను ఎన్నడూ ఏమీ అడిగినవాడు కాదు. నా పెళ్లప్పుడు అందరూ "మెకానిక్‌కు పిల్లనిస్తున్నవా, చేతులకు గ్రీజే ఉంటది" అంటే, "నా చేతులకు గంజి లేదా?" అన్న మనిషి. ఆయన నేసిన బట్ట ఒక్కసారి స్వామి ఒంటి మీద పడాలి. నేను ఆ తర్వాత చేసిందంతా దానికోసమే.

ఆ చలికాలం మాకొచ్చిన గుంపులో ఒక రేషన్ ట్రక్కు ఉంది. అది రేషన్ బండి అని నాకెలా తెలుసంటే, అడుగు చెక్కలు ఊడదీసినప్పుడు సందుల్లో గట్టిపడిన గోధుమపిండి, శనగపప్పు దొరికాయి. ఇంజన్ లేపి, గేర్లు చూద్దామని షెడ్డు ముందు మైదానంలో నడిపాను. ఆ బండ్లకు మామూలు గేర్ రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. అది వెనక్కి లాగితే బండికి బలం పెరుగుతుంది, వేగం చచ్చిపోతుంది. బురదలోంచి, ఇసుకలోంచి బయటపడటానికి పెట్టింది. ఆ గేరులో క్లచ్ తొక్కకుండా, బ్రేకు తొక్కకుండా వదిలేస్తే బండి మనిషి నడకకన్నా మెల్లగా, ఒకే తీరుగా, కుదుపు లేకుండా పోతుంది. మామూలు లారీకి అది చేతకాదు. ఇంజన్ ఆగిపోకుండా క్లచ్ తొక్కుతూ వదులుతూ పోవాలి, ప్రతిసారీ ఒక ఎగురు. చూస్తే మామ ఇనుప సామాను మీదనుంచి లేచి, బండి వెనక తలుపు మీద చెయ్యి వేసి దాంతోపాటు నడుస్తున్నాడు. మైదానం చివరిదాకా నడిచాడు.

"ఎడ్లబండి" అన్నాడు.

గుంట తవ్వాలన్న ఆలోచన నాది. నాదేనని ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎందుకంటే తర్వాత సమాజంలో ఒకాయన తనదని చెప్పుకున్నాడు. చట్రం మగ్గం మీద మామ నేయలేడు, ఆయన కాళ్లకు గొయ్యి కావాలి. ఆర్మీ బండి నేలనుంచి చాలా ఎత్తు. అడుగు కోసి కిందికి ఒక ఇనుప పెట్టె దించితే గొయ్యి అవుతుంది. నడుమ కుదరదు, అక్కడ ఇంజన్ నుంచి వెనక చక్రాలకు తిరిగే షాఫ్ట్ ఉంది. ఎడమ పక్కన స్థలం ఉంది. సైలెన్సర్ గొట్టాన్ని కుడివైపు తిప్పాను, లేకపోతే ముసలాయన కాళ్లు కాలిపోతాయి. పెట్టె అడుగున జాలీ వేశాను, వాన నీళ్లు నిలవకుండా.

గ్యాస్ కట్టర్ పట్టుకుని నేను బండి అడుగు కోస్తుంటే షడ్డకుడు వచ్చి నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

"అన్నా, గిది బండినా, బాయినా? మంచిగున్న బాడీకి బొక్క కొడుతున్నవ్!"

"మామ కోసం."

"రేపు బోరు బండాయన వచ్చి చూస్తడు. గిదేంది భాయ్, లోపల పాయఖానా పెట్టించిన్రా అంటడు. ఏం చెప్పాలె నేను?"

మామ పక్కనే ఉన్నాడు. అందులో ఎంత వినబడిందో గానీ, "పాయఖానా గాదు బిడ్డా, సింహాసనం" అన్నాడు. ముగ్గురం నవ్వాం. షడ్డకుడు నవ్వుతూనే కట్టర్ గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. ముగ్గురం ఒక పని మీద ఉండటం అదే మొదలు, అదే ఆఖరు.

మగ్గం సామాను ఊళ్లో మామ తమ్ముడి ఇంట్లో ఉంటే, నూలు తెచ్చే లారీలో తెప్పించాం. దాని కాళ్ల కింద ఇంజన్ కింద వేసే రబ్బరు దిమ్మలు వేసి బోల్టులు బిగించాను. రంగు దగ్గర మళ్లీ గొడవ. ఆర్మీ పచ్చ బయటివాళ్ల బండికి ఉండకూడదు, రిజిస్ట్రేషన్ చేయరు. షడ్డకుడు మిల్లులో పనిచేసిన అలవాటు పోక చీరల షేడ్ కార్డు ముందేసుకుని కూర్చుని, ఇది ఆర్మీ పచ్చ కాదు, రామా గ్రీన్, దీనికీ దానికీ ఆరు షేడ్ల తేడా ఉందని తేల్చి, అదే వేయించాడు. ఆర్టీవో ఆఫీసులో అధికారి బండి చుట్టూ ఒకసారి తిరిగి, "గ్రీన్ ఈజ్ గ్రీన్. జావ్" అని పొమ్మన్నాడు. షడ్డకుడు షేడ్ కార్డు తీసి చూపించబోతే ఆయన కార్డు కేసి కాదు, ఇతని మొహం కేసి చూశాడు. తిరిగొచ్చి మళ్లీ మొదటినుంచి గీకి, మా ఆడవాళ్లు చెప్పినట్టు పసుపు రంగు వేశాం. దేవుడి బండికి పసుపే మంచిదని నా భార్య అంది.

ఎండాకాలం పోయేలోపు మామ షెడ్డులో బండి మీద కూర్చుని చేతులు ఆడించుకున్నాడు. మొదట కాళ్లు మాట వినలేదు. మోకాళ్లు పట్టేసేవి. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు కాళ్లే ముందు కదలడం మొదలుపెట్టాయి. షెడ్డు ముందు మైదానంలో చిన్న గేరులో నడుపుతూ నేయించాను. జేబురుమాలంత బట్ట వచ్చింది, పోగు తెగలేదు. ఆ ముక్క తీసుకుని అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాను.

అధ్యక్షుడు మావాళ్లలోంచి పైకి వచ్చినవాడే. కూలీగా సాంచా నడిపి, ఇప్పుడు తన కార్ఖానాలో పదిమందికి పని ఇస్తున్నాడు. ఆ మాట ఒప్పుకోవాలి. షెడ్డుకు వచ్చాడు. కారు దిగకుండానే నవ్వాడు.

"ఏంది మిస్త్రీ, స్కూల్ బస్సు కొన్నవా? పిల్లల్ని ఎక్కించుకొని పోతవా?"

వెంట వచ్చినవాళ్లందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మామను ఎక్కించి, బండి నడిపి చూపించాను. అప్పుడు కారు దిగాడు. కొంతదూరం పక్కన నడిచాడు. మామ నాడె విసురుతుంటే చూసి, "మా నాయన గిట్లనే నేసేటోడు" అన్నాడు. అప్పుడు నవ్వలేదు, అబద్ధం చెప్పను. పదిమంది ముందు నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ ఏడు రథం నీదే మిస్త్రీ. స్వామి దీని మీదనే. బట్ట కూడ గీ తాత నేసిందే" అన్నాడు. పదిమంది విన్నారు. ఇప్పుడు అడిగితే ఆ పదిమందిలో ఒక్కరికీ గుర్తులేదు.

పౌర్ణమి రోజు పొద్దున బండి కడిగి, మామిడాకులు కట్టి, మామను కొత్త పంచెలో ఎక్కించుకుని గుడి దగ్గరికి తెచ్చాను. గుడి ముందు అప్పటికే ఇంకో బండి నిలబడి ఉంది. కొత్త ట్రక్కు, చుట్టూ రంగులు మారే లైట్లు, వెనక జనరేటర్, పైన స్వామి. మా బండి కోసం ఎవరూ జాగా కూడా వదల్లేదు.

"ఇదేంది సేఠ్?" అన్నాను.

అధ్యక్షుడు నన్ను పక్కకు తీసుకుపోయాడు. "జర సమజ్ చేసుకో మిస్త్రీ. మిలిటరీ బండి. ఎన్ని పీనుగుల్ని మోసిందో ఎవలకెరుక? పైకెల్లి నడుమ గుంట. దేవుని ముందర గుంట ఉంటే అశుభం అంటున్నరు పెద్దలు."

"ఏ పెద్దలు?"

"పెద్దలంటే పెద్దలే."

"అది రేషన్ బండి సేఠ్. దాంట్లో పిండి, పప్పు మోశారు. నేను కళ్లారా చూశా. గుంట నడుమ కాదు, ఎడమ పక్కన ఉంది."

"సరే, సరే. నీ బండి కూడ వస్తది, ఎందుకు రాదు? ఎనకాల పెట్టుకో. నీళ్ల పాకిట్లు కూడ అందుల ఎయ్యి, జనాలకు పంచాలె."

తర్వాత ఎవరో చెప్పారు, ఆ లైట్ల ట్రక్కు ఇచ్చింది అధ్యక్షుడి వియ్యంకుడని. నాకు ఆ సంగతి అప్పుడు తెలియదు. తెలిసినా ఏం చేసేవాణ్నో తెలియదు. బండి తిప్పుకుని ఇంటికి పోదామనుకున్నాను. తిప్పబోయాను కూడా. వెనక మామ పక్కన ఎక్కిన షడ్డకుడు కేబిన్ కిటికీలోంచి "అన్నా, మామ నాడె చేతుల పట్టిండు" అన్నాడు. నేను తిప్పలేదు. నీళ్ల పాకెట్ల మూటలు మగ్గం పక్కన పేర్చారు. అన్నిటికన్నా వెనక, అంబులెన్స్‌కు ముందు మా బండి.

గోడాదరా నుంచి లింబాయత్ వైపు ఊరేగింపు కదిలింది. నేను చిన్న గేరులో వేసి, కాళ్లు తీసేసి, స్టీరింగ్ మాత్రం పట్టుకున్నాను. ముందు డీజే మోత. మా వెనక అంబులెన్స్ తప్ప ఎవరూ లేరు. మామను చూసేవాళ్లు కూడా లేరు, జనం ఫోన్లన్నీ ముందుకే తిరిగి ఉన్నాయి. వాన మొదలైంది, టార్పాలిన్ దించాం. ఇక నాకు అద్దంలో టార్పాలిన్ తప్ప ఏమీ కనబడలేదు. కట్టింది నేను, గుంట తవ్వింది నేను, కానీ మామ ఆ వీధుల వెంట నేస్తుంటే నేను చూడలేదు. ఎవరికైనా స్టీరింగ్ ఇచ్చి వెనక్కి పోదామంటే ఆ చిన్న గేరు సంగతి తెలిసినవాడు ఇంకొకడు లేడు. షడ్డకుడు మాత్రం వెనక కిటికీలోంచి అరుస్తూ ఉన్నాడు. "తెగలే అన్నా! నడుస్తున్నది! వాన పడ్డది మంచిగైంది, పోగు మెత్తబడ్డది!" ఆ గుంటను పాయఖానా అన్న మనిషే.

ఒకచోట డీజే ముందు డాన్సు కోసం అందరూ ఉన్నట్టుండి ఆగిపోయారు. నేను బ్రేకు కొట్టక తప్పలేదు. వెనకనుంచి ఏ అరుపూ రాలేదు. కాసేపటికి షడ్డకుడు, "రెండు తెగినయ్. ముడేసిండు. ఈ మోతకు నీ చెవులు బాగున్నయా మామా అంటే, నాకు వినబడితే గదా అంటున్నడు" అన్నాడు. వాళ్లిద్దరూ నవ్వడం వినబడింది.

సాయంత్రం గుడి దగ్గర ఆగినప్పుడు కేబిన్ దిగి టార్పాలిన్ ఎత్తాను. మామ గుంటలోంచి కాళ్లు బయటికి తీయలేక ఇద్దరం పట్టుకుని లేపాం. బట్ట కోసి నా చేతుల్లో పరిచాడు. తెల్ల నూలు, సన్న ఎర్ర అంచు. నడుమ ఒకచోట అడ్డంగా మందపాటి గీత పడి ఉంది. "గీడ నువ్వు బ్రేకు కొట్టినవ్" అన్నాడు వేలు పెట్టి. తిట్టినట్టు లేదు. అక్కడ ఒక ఇల్లుంది, ఇక్కడ ఒక బాయుంది అని ఊరు చూపించినట్టు చెప్పాడు.

గుడిలోకి వెళ్లేసరికి స్వామికి అప్పటికే బట్ట కప్పి ఉంది. మెరిసే పట్టు, జరీ పువ్వులు. ఫోటోలు తీస్తున్నారు. మామ రెండు చేతులమీద బట్ట పెట్టుకుని వరుసలో నిలబడ్డాడు. ముందుకు రమ్మని ఎవరూ అనలేదు. నేను జనాన్ని తోసుకుని ఆయన్ను ముందుకు తెచ్చాను. అధ్యక్షుడు చూశాడు. బట్ట అందుకుని కళ్లకద్దుకున్నాడు. మామ చెవి దగ్గర వంగి గట్టిగా, "ఫొటోలైనంక కడుతం తాతా. నువ్వు పోయి తిను, పొద్దటికెల్లి కూసున్నవ్" అన్నాడు. పక్కనున్న ఒకతని చేతికి ఇచ్చాడు. ఆ ఒకతను ఎవరో నేను సరిగ్గా చూడలేదు. చూసి ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు.

మామ తినలేదు. తడి పంచెతో గుడి మెట్ల మీద కూర్చున్నాడు. ఫోటోలయ్యాయి. సన్మానాలయ్యాయి. టెంట్‌హౌస్ ఆయనకు, లైట్ల ట్రక్కాయనకు, డీజే ఆయనకు శాలువాలు కప్పారు. జనం చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయారు. లోపలికి వెళ్లి చూశాను. స్వామి మీద పట్టే ఉంది. పూజారిని అడిగితే కమిటీవాళ్ల దగ్గరుందన్నాడు. కమిటీవాళ్లను అడిగితే రేపు పొద్దున అభిషేకం అయ్యాక కడతామన్నారు. మామకు అదే చెప్పాను. "రేపా? మంచిది, రేపైతే నెమ్మదిగ కడుతరు" అన్నాడు.

మర్నాడు మామకు నడుము లేవలేదు, నేనొక్కణ్నే వెళ్లాను. ఆ పట్టే ఉంది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లానో నేను చెబితే నన్ను పిచ్చివాడంటారు. బీరువాలో ఉందన్నారు. బీరువా తాళం ఉన్నాయన ఊరెళ్లాడన్నారు. ఆయన వచ్చి తెరిచాక అందులో లేదన్నారు. ప్రసాదం గిన్నె మూతికి వాసెన కట్టినట్టున్నారని ఒకరు అన్నారు. ముఖ్య అతిథికి శాలువాతోపాటు వెళ్లిపోయిందేమో అని ఇంకొకరు అన్నారు. "కట్టినం మిస్త్రీ, నువ్వు రాని రోజు కట్టినం" అని అధ్యక్షుడు ఒకసారి అన్నాడు. ఏ రోజని అడిగితే, "నీకు కోర్టుల జవాబు చెప్పాల్నా?" అన్నాడు. నా భార్య కూడా విసిగిపోయింది. "వాళ్లు చెప్పరు. నీకు ఎరుకే. ఇంక ఎందుకు పోతవ్?" అంటుంది. తండ్రి నేసిన బట్ట ఆమెకు మాత్రం ముఖ్యం కాదా? ఆమె నా మొహం చూడలేక ఆ మాట అంటుందని నాకు తెలుసు.

బండి చాలాకాలం షెడ్డులో ఉండిపోయింది. ఆ తర్వాతి ఏడు శ్రావణ పౌర్ణమికి ట్రాలీ, చట్రం, ఉత్త నాడె మళ్లీ వచ్చాయి. కొనడానికి వచ్చినవాళ్లు గుంటలోకి తొంగిచూసి వెళ్లిపోయేవారు. మూసేద్దామని షడ్డకుడు అంటే నేను ఒప్పుకోలేదు. ఒకరోజు అతను నా ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పాడు.

"అన్నా, మామ ఇగ నేయడు. ఆయన కాళ్లు నువ్వు చూస్తలేవా? గుంట ఎవలకోసం?"

నేనొక పెళ్లికి ఊరెళ్లినప్పుడు అతను గుంట మీద ఇనుప రేకు వెల్డింగ్ చేయించి, బోరు బండివాళ్లకు అమ్మేశాడు. తిరిగొచ్చేసరికి షెడ్డులో మగ్గం సామాను ఒక మూల తాడు కట్టి ఉంది. దానిమీద టార్పాలిన్ కప్పి పెట్టాడు, తడవకుండా. అందుకే అతణ్ని ఎక్కువ తిట్టలేకపోయాను. కానీ తర్వాత ఇద్దరం కలిసి ఏ వేలానికీ వెళ్లలేదు. అతను ఇప్పుడు వేరేవాళ్లతో చేస్తున్నాడు. పండగలకు కలుస్తాం, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం. అప్పుడప్పుడు హైవే మీద బోరు బండి కనబడితే నా చూపు దాని ఎడమ పక్క అడుగుకు పోతుంది. ఇంతవరకు అది దొరకలేదు.

మామ ఇప్పుడు మంచం దిగడం లేదు. మొదట్లో నేను ఎప్పుడు వెళ్లినా చెయ్యి పట్టుకుని, "కట్టిన్రా అల్లుడా?" అనేవాడు. "అడుగుతున్నా మామా" అనేవాణ్ని. తర్వాత తర్వాత నేను గుమ్మంలోకి రాగానే నా మొహం చూసి తలాడించేవాడు, అంతే. ఈ మధ్య అదీ లేదు. వెళితే పక్కకు జరిగి కూర్చోమంటాడు, టీ తాగమంటాడు. ఆయన అడిగినప్పుడు నాకు కష్టంగా ఉండేది. అడగకపోవడం ఇంత కష్టమని అప్పుడు తెలియదు.

అధ్యక్షుడు గారూ, మీ కమిటీ అంతా చదువుకున్నవాళ్లే, ఇది చదువుతారు. నేను బీరువా సంగతి అడగడం లేదు, తాళం ఎవరి దగ్గరుందో అడగడం లేదు. మీ చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని, ఎవరి చేతిలో పెట్టారు? ఆ బట్ట ఒక్కపూటైనా స్వామి ఒంటి మీద పడిందా, లేదా? పడిందంటే ఆ రోజు చెప్పండి. పడలేదంటే పడలేదని చెప్పండి, పోయిందంటే పోయిందని చెప్పండి. నాకు ఫోన్ చేయకండి. గోడాదరాలో మా మామ ఇల్లు మీకు తెలుసు. మీరే రండి, ఆయన మంచం పక్కన కూర్చోండి, ఆయనకు చెప్పండి. ఎప్పుడు వస్తారు?